స్టాక్‌లో లేని బండి

దమయంతి డ్రైవింగ్ స్కూల్‌కి ఉన్నది ఒకే ఒక్క బండి. తెల్లది, చిన్నది, నెత్తిన ఎర్ర అక్షరాల బోర్డు. ఊళ్ళో ఉన్న తక్కిన స్కూలు బళ్ళకి లేని సుగుణం ఒకటి దానికుంది. అది నడిరోడ్డు మీద చావదు.

తక్కిన స్కూళ్ళలో నేర్చుకునేవాడు క్లచ్ మీద నుంచి కాలు తీయగానే బండి ఒక్క ఎగురు ఎగిరి చచ్చి ఊరుకుంటుంది. వెనకాల బస్సువాడు హారన్ మీద చెయ్యి పెట్టి తీయడు. ఆటోవాడు తల బయటికి పెట్టి నేర్చుకునేవాడి తాతముత్తాతల్ని పేరుపేరునా పలకరిస్తాడు. మర్నాటి నుంచి ఆ మనిషి స్కూల్‌కి రాడు. దమయంతి బండి మాత్రం ఎంత మొరటుగా క్లచ్ వదిలినా ఒకసారి గొణుక్కుని, ముందుకు కదులుతుంది. రిటైరైన తెలుగు మాస్టారు ఫణిభూషణం గారు, పాము మీద కాలు వేసిన మనిషిలా క్లచ్ వదులుతారు. ఆయన వదిలినా సరే కదులుతుంది.

ఇదంతా ఆటోనగర్ జిలానీ చలవ. ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌లో కంపెనీ రాసి పెట్టినదాన్ని తీసేసి జిలానీ తన సొంతం రాస్తాడు. దాన్ని ట్యూనింగ్ అంటారు. కుర్రాళ్ళు వేగం కోసం చేయించుకుంటారు. దమయంతి తన శిష్యుల పరువు కోసం చేయించుకుంది.

"పనిలో పనిగా స్టేజ్ టూ కూడా వేసేస్తా మేడం. బండి పులిలాగా లేచుద్ది" అన్నాడు జిలానీ ఆ రోజు, నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టి.

"వద్దు నాయనా. గేదెలాగా కదిలితే చాలు."

జిలానీ మొహం మాడిపోయింది. తన విద్యని గేదెల స్థాయికి దించిన కస్టమర్ అతనికి అంతవరకూ తగల్లేదు.

అలా రోజులు సాఫీగా వెళ్ళిపోతుండగా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

"మా కుటుంబ సభ్యులైన మీకు శుభాభినందనలు. మీ వాహనము నెమ్మదిగా మలుపు తిరుగు సమయమందు ఇంజన్ తనంతట తాను విశ్రాంతి తీసుకొను అవకాశము గమనించబడినది. దీనిని లోపముగా భావించరాదు. అయినను ప్రాణాపాయము కలదు. కావున వాహనమును షోరూమునకు రీకాల్ చేసి, ఉచితముగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయబడును. చిరునవ్వుతో ప్రయాణించండి."

దమయంతి బండి మలుపుల్లో ఎన్నడూ ఆగలేదు. జిలానీ రాత మహిమో ఏమో, ఆ జబ్బు దీని దాకా రాలేదు. ఉత్తరాన్ని మడిచి పక్కన పడేసేదే. కానీ రవాణా కార్యాలయం గోడ మీద అదే వారం ఇంకో కాగితం అంటించారు. రీకాల్ పూర్తయినట్టు పత్రం లేని బండితో డ్రైవింగ్ స్కూల్ నడపకూడదు. మార్చి నెలాఖరులోగా పత్రం చూపిస్తే లైసెన్సు రెన్యువల్. లేకపోతే స్కూల్ లేదు.

వేరేవాళ్ళ స్కూళ్ళలో పదేళ్ళు ఎడమ సీటులో కూర్చుని, పైసా పైసా కూడబెట్టి, తన పేరుతో బోర్డు పెట్టుకున్న మనిషి దమయంతి. కాగితాన్ని మూడుసార్లు చదివి, తిన్నగా షోరూమ్‌కి బండి తిప్పింది.

*

షోరూమ్‌లో ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. మెడలో టై, పెదవుల మీద కంపెనీ నేర్పిన నవ్వు.

"వెల్‌కమ్ మేడం. నా పేరు తేజస్. ఈ రోజు మీ కస్టమర్ జర్నీలో మీతో పాటు నేను నడుస్తాను."

"నడవక్కర్లేదు బాబూ, బండిలోనే వచ్చాను. అప్‌డేట్ చేసి ఇస్తే వెళ్ళిపోతా."

తేజస్ స్టీరింగ్ కింద వైరు తగిలించి, లాప్‌టాప్ తెరిచాడు. తెర ఎర్రబడింది. తేజస్ నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

"మేడం, బండి మమ్మల్ని గుర్తుపట్టట్లేదు."

"మూడేళ్ళ కిందట మీరే కదయ్యా అమ్మారు?"

"మేం గుర్తుపట్టాం మేడం. అది పట్టట్లేదు." తెర మీదికి వంగి చూశాడు. "దీనికి ట్యూనింగ్ చేయించారా? సర్క్యులర్ ప్రకారం స్టాక్‌లో ఉన్న బండికే అప్‌డేట్ చేయాలి మేడం."

"స్టాక్‌లో అంటే?"

"అంటే..." తేజస్ సర్క్యులర్ తీసి మరోసారి చదివాడు. "స్టాక్‌లో మేడం."

దమయంతి ఆటోనగర్ వెళ్ళింది. సంగతి విని జిలానీ తేలిగ్గా చెయ్యి ఊపాడు.

"దానికేముంది మేడం. స్టాక్ అంటే కంపెనీ నుంచి ఎట్టా వచ్చిందో అట్టా, ఎవురూ చెయ్యి పెట్టకుండా ఉండటం. మీ పాత ఫైల్ నా దగ్గర భద్రంగా ఉంది. అది వేసి పంపుతా. వాళ్ళు అప్‌డేట్ కొట్టాక పట్టుకురండి. ఆ కొత్తదాని మీద మళ్ళీ నేను ట్యూన్ చేస్తా."

"ఇప్పుడున్నదాని మీదే వాళ్ళని కొట్టేయమంటే?"

"నాది చెరిగిపోద్ది. సగంలో తేడా కొట్టిందనుకోండి, బండి అసలు స్టార్టే అవ్వదు. పద్ధతిగా పోదాం మేడం." కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఈసారన్నా స్టేజ్ టూ..."

"గేదె."

"సరే మేడం."

పాత ఫైల్ వేసుకుని బయల్దేరిన బండి మొదటి మలుపులోనే ఇంజన్ ఆపి విశ్రాంతి తీసుకుంది. వెనకాల బస్సువాడు హారన్ కొట్టాడు. ఒక ఆటోవాడు దమయంతి వంశవృక్షాన్ని వేళ్ళ దాకా తడిమాడు. ఆమెకి ఏమాత్రం కోపం రాలేదు. ఉత్తరంలో ఎలా రాశారో అచ్చం అలాగే ఆగింది. ఇంతకన్నా స్టాక్ ఇంకేం కావాలి?

*

ఈసారి లాప్‌టాప్ ఆకుపచ్చగా వెలిగింది. బండి షోరూమ్‌ని గుర్తుపట్టింది. తేజస్ ఉత్సాహంగా మీట నొక్కాడు. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: వాహనము స్టాక్‌లో ఉన్నదా? తేజస్ బండి నంబరు కొట్టాడు. లేదు, అంది తెర.

"ఇది నా పరిధి కాదు మేడం. స్టాక్ మేనేజర్ గారిని పిలుస్తాను."

కోదండపాణి గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు, ఎవరో తన స్టాక్‌ని ఎత్తుకుపోబోతున్నట్టు అనుమానపు చూపు. దమయంతి దగ్గరే ఆయన డ్రైవింగ్ నేర్చుకున్నాడు, అదే బండి మీద. అయినా ఆఫీసులో ఉన్నప్పుడు ఆయనకి చుట్టరికాలు, గురుశిష్య సంబంధాలు ఉండవు.

"ఈ వాహనం స్టాక్‌లో లేదమ్మా. మూడేళ్ళ క్రితమే స్టాక్ నుంచి నిష్క్రమించింది."

"స్టాక్ అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉండటమటండీ. ఇప్పుడలాగే ఉంది. దార్లో రెండుసార్లు ఆగింది కూడా."

"ఎవరు చెప్పారు ఈ అర్థం?"

"ఆటోనగర్ జిలానీ."

కోదండపాణి గారు జాలిగా నవ్వాడు. "అమ్మా, నా సర్వీసంతా స్టాక్‌లోనే గడిచింది. స్టాక్ అంటే ఏమిటో ఆటోనగర్‌లో నేర్చుకునే గతి నాకింకా పట్టలేదు. కిరాణా కొట్లో అడగండి, మందుల షాపులో అడగండి, చెప్పుల దుకాణంలో అడగండి. స్టాక్ ఉంది అంటే ఏమిటి? సరుకు కొట్లో ఉంది, ఎవరికీ అమ్మలేదు అని. స్టాక్ లేదు అంటే? అమ్మేశాం అని. మీ బండి అమ్మేశాం."

"అంటే అమ్మని బళ్ళకే బాగుచేస్తారా?"

"సర్క్యులర్ అదే చెబుతోంది."

"అమ్మని బండి రోడ్డు మీద ఎందుకాగుతుందండీ? అది రోడ్డెక్కితే కదా!"

"అందుకే కదమ్మా, అమ్మని బళ్ళలో ఇంతవరకూ ఒక్క ప్రమాదం కూడా లేదు."

"నేను కొన్న బండి మీ కొట్లో ఎందుకుంటుంది?"

"అసలు చిక్కంతా అక్కడే ఉంది" అన్నాడాయన బాధగా. "మీరు కొనకుండా ఉండుంటే ఇంత దూరం వచ్చేదే కాదు."

దమయంతి గొంతు పెంచింది. కోదండపాణి గారు ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్ కలిపాడు. వెనక నీలిరంగు గోడ ఉన్న ఒక గదిలోంచి సమీరన్ గారు తెర మీదికొచ్చాడు. ప్రాంతీయ నిబంధనల అధిపతి. ఆయన జీవితంలో ఏ సర్క్యులర్‌నీ తప్పనలేదు. అందుకే ఆ గదిలో ఉన్నాడు.

"సర్క్యులర్‌లో లోపం ఉండే ప్రసక్తి లేదు" అన్నాడు సమీరన్ గారు. "వాస్తవంలో లోపం ఉండొచ్చు. వాస్తవాన్ని సర్క్యులర్‌కి అనుగుణంగా తీసుకురావడమే మన బాధ్యత. బండి స్టాక్‌లో లేదు, అంతేనా?"

"అంతే సార్."

"అయితే స్టాక్‌లోకి తెచ్చుకుందాం."

"అమ్మేశాం కదా సార్?"

సమీరన్ గారు కాసేపు కళ్ళు మూసుకుని తెరిచాడు. "అమ్మలేదనుకుందాం."

గదిలో అందరూ తలలు ఊపారు. దమయంతి ఒక్కతే ఊపలేదు.

"నా బండి నాకు తిరిగొస్తుందా?" అని అడిగింది.

"అమ్మా," అన్నాడు తెరలోంచి సమీరన్ గారు, మెత్తగా, "మా కుటుంబంలో ఎవరూ ఏదీ పోగొట్టుకోరు."

మార్చి నెలాఖరు తరుముకొస్తోంది. పత్రం లేకపోతే స్కూల్ లేదు. దమయంతి సరేనంది.

*

దాన్ని విలోమ విక్రయం అన్నారు. అమ్మినప్పుడు ఏయే కార్యక్రమాలు జరిగాయో అవన్నీ వెనక నుంచి ముందుకు జరగాలి. కొత్త బండి డెలివరీ ఇచ్చే రోజున షోరూమ్‌లో ఎంత హంగామా ఉంటుందో అందరికీ తెలిసిందే. ఆ హంగామా మొత్తాన్ని తిరగేశారు.

మనిషంత ఎత్తు అట్టతాళంచెవిని దమయంతి కోదండపాణి గారి చేతిలో పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. ఆనాడు ఆమెకి తినిపించిన కేకుకి బదులుగా ఆమె చేత అందరికీ కేకు తినిపించారు. బండి మెళ్ళో ముందు ఒక దండ వేశారు, తర్వాత తీశారు; వెయ్యకుండా తీయడం కుదరదు కదా. టైర్ల వెనక నిమ్మకాయలు పెట్టి బండిని వెనక్కి పోనిచ్చారు. షోరూమ్‌కి ఆస్థాన పురోహితుడు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని కూడా పిలిపించారు.

"మంత్రం వెనక నుంచి చదవమంటే చదువుతానండీ. అభ్యాసం ఉంది" అన్నాడాయన. "కొబ్బరికాయే, ఎలా అతికించాలో తోచడం లేదు."

దాని మీద సమీరన్ గారికి మళ్ళీ ఫోన్ చేశారు. కొబ్బరికాయకి మినహాయింపు వచ్చింది.

నంబరు ప్లేటు విప్పారు. నెత్తి మీది బోర్డు దింపి దమయంతి చేతికిచ్చారు. బండిని తుడిచి, షోరూమ్ మధ్యలో తిరిగే బల్ల మీదికెక్కించారు. కోదండపాణి గారు ఎర్ర పెన్నుతో సంతకం పెట్టాడు. అమ్మనే లేదు కనుక తిరిగివ్వాల్సిన డబ్బు కూడా లేదన్నాడు. తేజస్ లాప్‌టాప్ తగిలించి మీట నొక్కాడు. వాహనము స్టాక్‌లో ఉన్నదా? ఉన్నది. కాఫీ తాగి వచ్చేలోగా అప్‌డేట్ అయిపోయింది. వెనక ఆవరణలో మలుపులన్నీ తిప్పి చూశారు. ఎక్కడా ఆగలేదు.

"థాంక్స్ బాబూ" అంది దమయంతి. "ఏదీ, తాళం?"

"ఎవరికి మేడం?"

"నాకు."

తేజస్ అదే నవ్వు నవ్వాడు. "మీరు మా కస్టమర్ కాదు కదా మేడం. ఈ బండి మేం ఎవరికీ అమ్మలేదు. కావాలంటే బుకింగ్ పెట్టుకోండి. ఈ మోడల్‌కి వెయిటింగ్ ఏడాది."

"కళ్ళ ముందు తిరుగుతోంది కదయ్యా!"

"అది డిస్‌ప్లే మేడం. డిస్‌ప్లేలో ఉన్నది ఇచ్చేస్తే, రావాల్సిన దాని కోసం జనం ఎందుకు ఎదురుచూస్తారు?"

బోర్డుని చంకలో పెట్టుకుని దమయంతి ఆటో ఎక్కింది.

పోనీ పత్రమైనా సంపాదిద్దామని మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగింది. పత్రం యజమానికే ఇస్తామన్నారు. యజమాని ఎవరని అడిగితే, లేరన్నారు. రవాణా కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి సూపరింటెండెంటు కంప్యూటర్‌లో చూసి, "బండి మీ పేరనే ఉందిగా. యజమాని మీరే. పత్రం పట్టుకొచ్చేయండి, రెన్యువల్ చేసేస్తా" అన్నాడు.

"వాళ్ళు నేను కాదంటున్నారండీ. అమ్మనే లేదంటున్నారు."

"అమ్మకపోతే ఇక్కడ రాసే ఉండదుగా?"

"తిరిగి తీసేసుకున్నారండీ."

"అలాంటి దరఖాస్తు మాకు లేదమ్మా. దరఖాస్తు లేని పని జరగలేదన్నమాట."

ప్రభుత్వం దృష్టిలో బండి దమయంతిది. కంపెనీ దృష్టిలో బండి కంపెనీది. దమయంతి దృష్టిలో బండి అద్దాల వెనక, బల్ల మీద, లైట్ల కింద గుండ్రంగా తిరుగుతోంది.

*

ఒక ఉదయం ఆమె షోరూమ్ బయట నిలబడి ఉండగా కోదండపాణి గారు ఆటో దిగాడు.

"మీ కారేమైందండీ?" అంది.

"ఇంట్లో ఉంది." ఆయన మొహం పీక్కుపోయి ఉంది. "నడపడం మానేశానమ్మా. ఈ బండి ఎవరికీ అమ్మలేదని నేనే స్వహస్తాలతో సంతకం పెట్టాను. అమ్మని బండి రోడ్డెక్కదు. రోడ్డెక్కని బండి మీద నేను డ్రైవింగ్ ఎలా నేర్చుకున్నాను?"

"పరీక్ష కూడా పాసయ్యారు కదండీ?"

"అదే నా మనసుని తొలిచేస్తోంది" అన్నాడాయన, ఆటో చిల్లర జేబులో వేసుకుంటూ. "ఏ బండి మీద పాసయ్యాను?"

తన సంతకాన్ని ఇంత నిజాయితీగా నమ్మిన మనిషిని ఏం చేయగలం? దమయంతికి తిట్టాలనిపించలేదు. మనిషి ఇలాంటివాడైతే అతని నిబంధనతోనే అతన్ని పట్టుకోవాలి అనుకుంది. లోపలికెళ్ళి తేజస్‌ని అడిగింది.

"బాబూ, స్టాక్‌లో ఉన్న బండిని టెస్ట్ డ్రైవ్‌కి ఇస్తారా?"

"ఎవరడిగినా ఇస్తాం మేడం! టెస్ట్ డ్రైవ్ కస్టమర్ హక్కు. ఎన్నిసార్లయినా!"

"నాతో ఇంకో మనిషిని తెచ్చుకోవచ్చా?"

"ఫ్యామిలీతో రండి మేడం!"

దమయంతి తన కుటుంబాన్ని తెచ్చింది. పొద్దున ఫణిభూషణం గారు, తర్వాత బ్యాంకులో పనిచేసే ఒకావిడ, ఆమె తర్వాత అక్కచెల్లెళ్ళు ఇద్దరు, సాయంత్రం ఒక డాక్టరు. ఒక్కొక్కరూ టెస్ట్ డ్రైవ్ అడిగేవారు. ఎడమ సీటులో దమయంతి. వెనక సీటులో, కళ్ళు గట్టిగా మూసుకుని, తేజస్. షోరూమ్ పెట్రోలు మీద స్కూల్ నడవసాగింది. కాకపోతే ట్యూనింగ్ లేదు కనుక క్లచ్ వదిలినప్పుడల్లా బండి ఎగిరి చచ్చేది.

"మేడం, ఈ సారు వారంగా రోజూ టెస్ట్ డ్రైవ్ చేస్తున్నారు. ఇంకా డిసైడ్ అవ్వలేదా?" అన్నాడు తేజస్ ఒకరోజు వెనక నుంచి వణుకుతూ.

"తొందరపడి కొనే మనిషిని కాదు నాయనా" అన్నారు ఫణిభూషణం గారు, క్లచ్ వదులుతూ.

ఇంకో చిక్కు వచ్చిపడింది. స్కూల్ బండి కనుక ఎడమవైపు కూడా బ్రేకు, క్లచ్ ఉన్నాయి. వాటినెవరూ తీయలేదు. షోరూమ్‌కొచ్చిన భార్యాభర్తలకి అవి ఏమిటో తేజస్ చెప్పలేకపోయాడు. సమీరన్ గారు తెర మీదికొచ్చి, అది కుటుంబ భద్రతా సదుపాయమని, భర్త నడుపుతుండగా భార్య బ్రేకు వేసుకోవచ్చని ప్రకటించాడు. అంతే. ఊళ్ళో ఇల్లాళ్ళంతా షోరూమ్ మీద పడ్డారు.

"నాకిదే కావాలి. ఈ బండే. ఇరవయ్యేళ్ళుగా ఉత్త కార్పెట్ తొక్కుతున్నాను" అంది ఒకావిడ, భర్త వంక చూడకుండా.

దమయంతికి భయం పట్టుకుంది. ఇవాళో రేపో ఎవరో ఒకరు తన బండిని ఎగరేసుకుపోతారు. కానీ కోదండపాణి గారు అమ్మకానికి కాగితాలు పంపిన ప్రతిసారీ రవాణా కార్యాలయం తిప్పికొట్టింది. ఈ బండి దమయంతి అనే ఆవిడ పేర ఉన్నది, ఇంకొకరి పేర రాయడం కుదరదు. పోనీ దమయంతికే అమ్ముదామని పంపారు. దాన్నీ తిప్పికొట్టింది. ఆవిడ బండిని ఆవిడకే అమ్మడమేమిటి, అది ఇంకా కుదరదు.

బండి ఎవరికీ పోవడానికి లేదు. బల్ల మీద తిరగడమొక్కటే దానికి మిగిలింది.

*

మార్చి ఆఖరి వారంలో సమీరన్ గారి కొత్త సర్క్యులర్ వచ్చింది. ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి స్టాక్ సున్నా కావాలి. ఒక్క బండి మిగిలినా స్టాక్ మేనేజరు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

కోదండపాణి గారు దమయంతి ఇంటికే వచ్చాడు. ఆటోలో.

"అమ్మా, నన్ను గట్టెక్కించండి. వెనక గోడౌన్‌లో ఎవరూ కొనని పెద్ద మోడల్ బళ్ళు వరసకట్టి ఉన్నాయి. అదో తలనొప్పి. వాటికైనా ఎప్పటికో ఒకప్పటికి దిక్కు దొరుకుతుంది. మీ బండి పరిస్థితి అలాక్కాదు. అమ్మడానికి లేదు, ఉంచుకోడానికి లేదు. సున్నా ఎలా చేయాలి?"

"నా లైసెన్సు కూడా ఎల్లుండితో ఆఖరండీ" అంది దమయంతి. మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది. "ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. నేను మొదటిసారి వచ్చినప్పుడు మీ కంప్యూటర్ నా బండిని స్టాక్ కాదంది. తేజస్ చెప్పే ఉంటాడు."

"అంది."

"అప్పటికి మీరింకా అమ్మకం సంగతి చూడనేలేదు. మరి ఎందుకంది?"

"ట్యూనింగ్ ఉంది కాబట్టి..."

కోదండపాణి గారు ఆగిపోయాడు. గ్లాసు నోటి దాకా వెళ్ళి అక్కడే నిలిచింది.

"ట్యూనింగ్ ఉంటే స్టాక్ కాదు" అన్నాడు మెల్లగా.

"మీ కంప్యూటరే చెప్పిందండీ. నేను కాదు."

"స్టాక్ కాకపోతే స్టాక్‌లో ఉండదు."

"ఎలా ఉంటుంది?"

"అమ్మక్కర్లేదు."

"ఎవరికి అమ్ముతారండీ, పాపం."

"స్టాక్‌లో లేనిదాన్ని షోరూమ్‌లో ఉంచుకోవడం నిబంధనలకి విరుద్ధం!" ఆయన లేచి నిలబడ్డాడు. "ప్రభుత్వ రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్ళకి తక్షణం అప్పగించాలి!"

"పత్రంతో సహా కదండీ?"

"యజమాని ఉన్నాక పత్రం ఇవ్వకుండా ఎలా కుదురుతుందమ్మా?" అన్నాడాయన, ఆమె అమాయకత్వానికి చిరాకు పడుతూ.

ఆ మధ్యాహ్నమే కంపెనీ వారి స్టాక్ మేనేజరు కంపెనీ వారి బండిని కంపెనీ వారి ఖర్చుతో ఆటోనగర్ షెడ్డుకి తోలించుకొచ్చాడు. జిలానీ కొత్త అప్‌డేట్ మీద తన పని చేశాడు. కంపెనీ సరిచేసిన ముక్కని ముట్టుకోకుండా అలాగే ఉంచానని రెండుసార్లు చెప్పి, పక్క రోడ్డులో మలుపులన్నీ తిప్పి చూపించాడు. తేజస్ లాప్‌టాప్ తగిలించాడు. తెర ఎర్రబడింది.

"మమ్మల్ని గుర్తుపట్టట్లేదు సార్!" అని తేజస్ ఆనందంతో అరిచాడు.

కోదండపాణి గారు అక్కడే పత్రాన్ని బానెట్ మీద పెట్టి ఆకుపచ్చ పెన్నుతో సంతకం చేశాడు. మర్నాడు దమయంతి పత్రం చూపించింది. సూపరింటెండెంటు ముద్ర వేశాడు. నంబరు ప్లేటు మళ్ళీ బిగించారు, నెత్తి మీదికి ఎర్ర అక్షరాల బోర్డు ఎక్కింది.

మార్చి ముప్పై ఒకటిన ఫణిభూషణం గారికి పాఠం. ఆటోనగర్ రోడ్డు మీద మలుపులు ఎక్కువని దమయంతి అటు తిప్పమంది. జిలానీ షెడ్డు ఉన్న సందు మొదట్లోనే దారి మూసుకుపోయింది. షోరూమ్ గోడౌన్‌లో ఉండాల్సిన పెద్ద మోడల్ బళ్ళు, ప్లాస్టిక్ కవర్లయినా విప్పనివి, సందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా బారులు తీరి ఉన్నాయి. జిలానీ చొక్కా చేతులు మడిచి ఒకదాన్నుంచి ఒకదానికి పరుగులు పెడుతున్నాడు. అతని మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

"స్టేజ్ టూ మేడం! అన్నిటికీ స్టేజ్ టూ!" అని కేక పెట్టాడు. "ఏదైనా సరే చెయ్యమన్నారు సార్!"

కోదండపాణి గారు జాబితాలో టిక్కులు పెట్టుకుంటూ ఎదురొచ్చాడు. ఆయన మొహంలో నెల రోజులుగా లేని ప్రశాంతత ఉంది.

"సున్నా అయిపోతోందమ్మా. సాయంత్రానికి ఒక్కటి కూడా ఉండదు. సమీరన్ గారు ఈ పద్ధతిని అన్ని షోరూమ్‌లకీ పంపిస్తున్నారు."

"సంతోషమండీ. మరి ఇవన్నీ ఇక ఎవరివి?"

"స్టాక్‌లో లేవు. ఎవరికీ అమ్మలేదు. ఎవరి పేరా లేవు." ఆయన ఆలోచించాడు. "నిబంధనల ప్రకారం చూస్తే, ఇవి లేవు."

"అయితే ఆ ముందున్నది కాస్త పక్కకి తీయించండి. మా మాస్టారు మలుపు తిరగాలి."

"భలేవారమ్మా! లేని బండిని తీయమని నేను ఎవరికి రాయాలి? ఏ పేరున రాయాలి?"

దమయంతి తన వైపు బ్రేకు మీద నుంచి కాలు తీసి, సీటుకి జారగిలబడి, ఫణిభూషణం గారి వంక తిరిగింది.

"విన్నారుగా మాస్టారూ. అక్కడ బండేం లేదట. పోనివ్వండి."